ఎనిమిది కాళ్ళు, తొమ్మిది కన్నాలు

ఎచెరి సంతలో ఆదివారం
పాత పత్రిక ముక్కలో చుట్టి ఇచ్చాడు ముసలాయన,
కోడిగుడ్డు ఇచ్చినట్టు, రెండు చేతులతో.
బేరమాడకుండా కొన్నాను.
అదీ మొదటి తప్పు.

ఇంటికొచ్చి విప్పితే
వాల్వుకు కాళ్ళు ఎనిమిది,
నా యాంప్లిఫయర్‌కు కన్నాలు తొమ్మిది.
"కొనేముందు లెక్కపెట్టుకోరా ఎవరైనా?" అంది హెర్మినా,
బంగాళాదుంపలు తరుగుతూ, తల ఎత్తకుండా.
అద్దెలో సగం దాని మీద పెట్టిన సంగతి
ఇంకా చెప్పలేదు.

కానీ ఆ గాజు!
లోపల బూడిదరంగు రేకుల మేడ, అభ్రకం పైకప్పు,
నెత్తిన పాదరసం ఒలికినట్టు వెండి మరక.
ఆ మరక తెల్లబడిందంటే
గాలి దూరినట్టు, ప్రాణం పోయినట్టు.
ఇది ఇంకా అద్దంలానే ఉంది,
నా ముక్కును గుమ్మడికాయ చేసి చూపిస్తోంది.

ట్రామ్ డిపోలో పనిచేసే బోదోగ్
అడాప్టర్ చేసిచ్చాడు, రెండు సీసాల బీరుకు.
కింద తొమ్మిది, పైన ఎనిమిది,
మధ్యన బొటనవేలంత పొట్ట.
సంబంధం కుదిర్చే మధ్యవర్తి లాంటిది:
ఎవరి మాట ఎవరికెలా మార్చి చెప్పిందో
పొట్ట విప్పితే గాని తెలీదు.

స్విచ్ వేశాను.
ముందు ఏమీ లేదు.
తర్వాత ఎవరో బూడిద కింద నిప్పును
మెల్లగా ఊదుతున్నట్టు.
సూది దించాను. సెల్లో వచ్చింది,
దాని కొంగు పట్టుకుని ఇంకొకటి కూడా వచ్చింది:
మ్మ్మ్ అని,
ఎంతకీ లేచి వెళ్ళని చుట్టంలా
ఒకటే గొణుగుడు.
ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేస్తే జ్వరం.
పాత వాల్వు తిండి కొత్తదానికి రెండింతలట,
ఆ లెక్కా చూసుకోలేదు నేను.

కింది అంతస్తు నుంచి ఎతెల్క మామ్మను పిలుచుకొచ్చాను.
ఇరవై రెండేళ్ళు ఇదే ఊయ్‌పెష్ట్‌లో, వాల్వుల ఫ్యాక్టరీలో
గాజు మూతి మూసే మంట ముందు కూర్చున్న మనిషి.
చెవులు అక్కడే మరిచిపోయి వచ్చానంటుంది,
గొడుగు మరిచిపోయినట్టు.

వాల్వును కిటికీకేసి ఎత్తి చూసింది.
"మాది కాదు. పెట్టె మాది, సరుకు ఎవరిదో.
మా గాజులో ఈ పచ్చదనం ఉండేది కాదు."
నా మొహం చూసి నవ్వింది.
"అయితేనేం, మూసింది చెయ్యి తిరిగినావిడే.
ఇదిగో, తోకలో ఎక్కడా ముడి పడలేదు."

స్పీకర్ పెట్టె చెక్కకు అరచేయి ఆనించి
కళ్ళు మూసుకుంది.
నేను గొంతు పెంచి ఏదో చెప్పబోతే
రెండో చేత్తో ఆగమంది.
పాటను కాదు,
పాట ఊపిరి తీసుకునే చోట్లను తడుముతోంది.
"వాల్వుది కాదు తప్పు," అంది చివరికి,
"మధ్యలో ఉన్నవాడిది."

పొట్ట విప్పాం.
మంట తీగలు రెండూ ఎడమొహం పెడమొహంగా
పాట మోసే సన్నతీగను ఒరుసుకుంటూ పోతున్నాయి.
"వీటిని తాడు పేనినట్టు పేనాలి.
దీని సణుగుడు అది మింగుతుంది, దాని సణుగుడు ఇది.
పెళ్ళయిన కొత్త పిల్లలకు
ఫ్యాక్టరీలో ఇట్లాగే చెప్పేవాళ్ళం."
వేళ్ళు వంకర్లు పోయాయి గాని
పేనడం మరిచిపోలేదు.
నేను టంకం పెట్టాను, కాలు మీద ఒక బొట్టు పడేసుకుని.

గొణుగుడు పోయింది.
సెల్లో ఒక్కటే మిగిలింది గదిలో.
వెనకటి వాల్వు కంటే బాగుందా అంటే,
ఒట్టు, నాకు తెలీదు.
ఎవరైనా అడిగితే మాత్రం
బాగుందనే చెబుతాను.

రికార్డు అయిపోయింది. సూది ఎత్తేశాను.
మామ్మ చెక్క మీంచి చెయ్యి తియ్యలేదు.
"ఇంకా ఏదో ఉంది," అంది.
ఏమీ లేదని చెయ్యి ఊపాను.
"ఉంది. చిన్నగా. టక్కు, టక్కు, టక్కు."

గోడకు అవతల వంటింట్లో
హెర్మినా కత్తి.

అద్దె సంగతి చెప్పాలి.